సొంత లారీలకు ఇన్సూరెన్స్: ఏళ్ల తరబడి కట్టాక నా సమీక్ష

రెండు మూడు లారీలతో రవాణా నడిపేవాళ్లకు డీజిల్, టైర్లు, జీతాల తర్వాత గట్టిగా తగిలే ఖర్చు ఇన్సూరెన్సే. నేను ఏళ్లుగా మూడు రకాలు కడుతున్నాను. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ, మన బండికి ఓన్ డ్యామేజీ, ఎక్కించిన సరుకుకు బాధ్యత కవరు. కొన్ని క్లెయిములు పూర్తిగా వచ్చాయి, కొన్ని కోతలతో వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. మార్కులు వేయమంటే మొదటిదానికి బాగానే వేస్తాను, మూడోదానికి పాస్ మార్కులు కూడా కష్టం. రెండోది బండి వయసును బట్టి.

థర్డ్ పార్టీ గురించి ఏ ఏజెంటూ నాతో చెప్పని సంగతి ఒకటుంది. ఆ పాలసీ పుట్టింది ముందుగా రోడ్డు మీద దెబ్బ తిన్నవాడి కోసం. ప్రీమియం కట్టే మన సంగతి ఆ తర్వాతే. చట్టాలు దాన్ని తప్పనిసరి చేసిందీ అందుకే. అమెరికాలో రాష్ట్రాల సరిహద్దులు దాటే బండ్ల పాలసీకి ఎంసీఎస్-90 అనే జతపత్రం ఉంటుంది. పాలసీ షరతు ఏదో తప్పినా బాధితుడికి కంపెనీ చెల్లించాల్సిందే, కానీ తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. భారత్‌లోనూ ఇదే దారి ఉంది. ముందు కంపెనీ కట్టు, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకో అనే పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో వివరించింది. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోవడం ఒక్కటే కంపెనీకి సాకు కాదు, ఆ విషయంలో యజమాని అశ్రద్ధ చేశాడని కంపెనీయే రుజువు చేయాలని కూడా ఆ తీర్పు చెప్పింది. అంటే మనం పడ్డ జాగ్రత్తకు కాగితం ఉంటే నిలబడతాం, లేకపోతే వసూలు నోటీసు మన ఇంటి తలుపు తడుతుంది. పాలసీ ఉండి కూడా!

ఇది నాకు బాగా అర్థమైంది ఒక చిన్న ప్రమాదంలోనే. మా బండి మలుపు తిరుగుతూ ఆగి ఉన్న కారును రాసుకుంటూ పోయింది. కారు తలుపు నొక్కుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చాడు. కారు వైపు తల తిప్పకుండానే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆ రోజు నడిపింది ఎవరు, లైసెన్సు ఏ తరగతిది, గడువు ఎప్పటిదాకా, ఎన్ని గంటలుగా స్టీరింగు మీద ఉన్నాడు, కాటా చీటీ ఎక్కడ. అన్నీ చూశాక గానీ టేపు బయటికి తీయలేదు. మా దగ్గర అన్నీ ఉన్నాయి కాబట్టి క్లెయిము సాఫీగా అయిపోయింది. కానీ రెగ్యులర్ డ్రైవరుకు జ్వరం వచ్చిన రాత్రి తెలిసినవాళ్లెవరో పంపిన మనిషిని ఎక్కించి పంపే అలవాటు చిన్న ఓనర్లలో ఎంత ఉందో నాకు తెలుసు. పెద్ద కంపెనీలకు బదిలీ డ్రైవర్లుంటారు, వాళ్ల కాగితాలు చూడటానికి ఆఫీసు ఉంటుంది. మన ఆఫీసు మన ఫోనే. అందుకే బదిలీ డ్రైవరు లైసెన్సు ఫోటో, అది సరిచూసిన తేదీ ఫోన్‌లో ఉంటే తప్ప తాళం ఇవ్వను. లోడు ఆలస్యమైతే అవనీ.

తర్వాతది లిమిటు, అంటే కంపెనీ ఎంతవరకు చెల్లిస్తుందన్న హద్దు. చట్టం అడిగే కనీసం వేరు, నిజంగా అవసరమయ్యేది వేరు. అమెరికాలో మామూలు సరుకు తోలే పెద్ద బండ్లకు కనీస బాధ్యత 7,50,000 డాలర్లు. 1980ల నాటి ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. ఈలోగా ఆసుపత్రి బిల్లులు ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు. అక్కడి లోడు బ్రోకర్లే చాలామంది 10 లక్షల డాలర్ల కవరు అడుగుతారు. భారత్‌లో కథ ఇంకో తీరు. ప్రాణనష్టానికి, గాయాలకు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంతా పాలసీ కిందికి వస్తుంది. ఆస్తినష్టానికి మాత్రం లారీ పాలసీలో మామూలుగా 7.5 లక్షల రూపాయల దగ్గర గీత గీస్తారు. ఖరీదైన కారునో, పెట్రోలు బంకులో పంపునో, సరుకుతో ఉన్న ఇంకో లారీనో గుద్దితే ఆ గీత దాటడం ఎంతసేపు? దాటినదంతా యజమానిది. బండి సొంత పేరు మీద ఉంటే ఇల్లు, పొలం కూడా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. లిమిటు పెంచుకునే వీలున్న చోట నా సలహా పెంచుకోమనే. మొదటి అంచెకు పడే ప్రీమియంతో పోలిస్తే పై అంచెలకు మామూలుగా తక్కువే పడుతుంది. డబ్బు ఆదా చేయాలంటే వేరే చోట చేసుకోవాలి.

ఆ వేరే చోటు ఓన్ డ్యామేజీ. కొత్త బండికి ఫైనాన్స్ వాళ్లు ఎలాగూ వదలరు, పూర్తి కవరు ఉండాల్సిందే. బండి పాతబడేకొద్దీ దాని విలువ కిందికి జారుతుంది, ప్రీమియం మాత్రం అంత వేగంగా దిగదు. పైగా బిల్లులో రబ్బరు, ప్లాస్టిక్ భాగాల దగ్గర తరుగు కింద గట్టి కోత పడుతుంది. చిన్న బంపరు దెబ్బకు క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. భారత్‌లో వరసగా అయిదేళ్లు క్లెయిము లేకపోతే అది 50 శాతం దాకా వెళ్తుంది. అందుకే చిన్న దెబ్బలు చేతి డబ్బుతోనే బాగు చేయించుకుంటాను. ప్రతి క్లెయిములో మనం భరించే వాటా పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది కదా అని ఏజెంట్లు ఊరిస్తారు. ఆ వాటా డబ్బు బ్యాంకులో కదలకుండా పడి ఉంటేనే ఆ మాట వినాలి. ఇక అసలు నష్టం ఈ పాలసీలో ఎక్కడా కనపడదు. షెడ్డులో బండి నిలిచిన రోజుల కిరాయి ఎవరూ ఇవ్వరు, కిస్తీ మాత్రం ఆగదు. ఒక్క బండి మీద బతికేవాడిని ముంచేది రిపేరు బిల్లు కంటే ఎక్కువగా ఆ ఖాళీ రోజులే.

సరుకు కవరు దగ్గర నాకు మంట. లోడు ఇచ్చే పార్టీ ధైర్యంగా చెప్పే మాట ఇది: 'సరుకుకు మా ఇన్సూరెన్స్ ఉందిలే, నీకేం భయం.' ఉంటుంది, అతనికి. అతని ఇన్సూరెన్స్ కంపెనీ అతనికి చెల్లించేసి, అతని హక్కులు తన చేతిలోకి తీసుకుని, అదే డబ్బు కోసం మన మీదికి వస్తుంది. ఇది మోసం కాదు, చట్టబద్ధమైన పద్ధతే. అందుకే మన బాధ్యతకు మన కవరు కావాలి.

కవరు తీసుకున్నామా, ఇక మినహాయింపుల వంతు. మా బండిలో బస్తాలు తడిసిన లోడు ఒకటుంది. దారంతా వాన. తడిసింది వాన వల్ల, క్లెయిము రాకేం అనుకుంటాం కదా! సర్వేయర్ పై వరస బస్తాలు దింపించి చూశాడు, పొడిగా ఉన్నాయి. టార్పాలిన్ అంతా తడిమాడు, చిరుగు లేదు. కింది వరస తీయించేసరికి బస్తాల అడుగున బురద చారలు. తొట్టి చెక్కల సందుల్లోంచి చక్రాల నీళ్లు పైకి చిమ్మాయని రాసుకున్నాడు. వాన నష్టం కవరులో ఉంది, సరుకుకు తగని తొట్టి వల్ల వచ్చే నష్టం కవరులో లేదు. చెక్కలు బాగు చేయించి ఎంతో కాలం కాలేదన్న నా వాదన ఎవరూ వినలేదు. సగానికి పైగా కోత పడింది. కాపలా లేకుండా నిలిపిన బండిలో దొంగతనం, సొంత డ్రైవరే సరుకు మాయం చేయడం, శీతల బండిలో ఇంధనం అయిపోయి చల్లదనం పోవడం, ఇలాంటివన్నీ చాలా పాలసీల్లో ఇదే వరసలో ఉంటాయి.

దీనికి తోడు మనం సంతకం పెట్టే కాగితాలు. చట్టం మన బాధ్యతకు కొన్ని హద్దులు పెడుతుంది. ఐరోపాలో దేశాల మధ్య రోడ్డు రవాణాకు వర్తించే సీఎంఆర్ ఒప్పందం 1956 నాటిది. 1978లో మార్చాక దాని ప్రకారం సరుకు పోతే కిలోకు 8.33 ఎస్‌డీఆర్ దాకానే రవాణాదారు కట్టాలి. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్క ప్రమాణం. కావాలని చేసిన తప్పని తేలితే ఆ హద్దు ఉండదు. అమెరికాలో 1906 నాటి కార్మాక్ సవరణ ప్రకారం, ముందుగా రాతపూర్వకంగా హద్దు ఒప్పుకుంటే తప్ప, పోయినదంతా కట్టాల్సిందే. ఎక్కడైనా సరే, పెద్ద పార్టీ ఇచ్చే కాంట్రాక్టులో 'ఏ కారణం వల్ల నష్టం వచ్చినా పూర్తిగా రవాణాదారుదే' అని ఒక వాక్యం దూరి ఉంటుంది. చట్టం మోపని భారాన్ని మనంతట మనం నెత్తిన పెట్టుకుంటే పాలసీ దాన్ని మోయదు. నేను ఆ వాక్యం కొట్టేయమని అడుగుతాను. కొన్ని పార్టీలు కొట్టేశాయి, కొన్ని లోడు వేరేవాళ్లకు ఇచ్చాయి. పోతే పోనీ అనుకున్నాను. కిరాయి తక్కువ నెలలో అలా అనుకోవడం తేలిక కాదు.

ప్రీమియం తగ్గడానికి ఏవేవో చిట్కాలు చెబుతుంటారు. నాకు పనికొచ్చినవి డ్రైవర్లు తరచూ మారకపోవడం, డ్యాష్‌క్యామ్. కెమెరా వల్ల ప్రీమియం పెద్దగా తగ్గలేదు గానీ తప్పు ఎవరిదన్న వాదన నిమిషాల్లో తేలిపోతోంది. తప్పు మన డ్రైవరుదైనా అది దాచదు, ఆ సంగతి తెలిసే పెట్టుకోవాలి. తిరిగే రూట్లు, తోలే సరుకు దాచిపెట్టి తక్కువ ప్రీమియం కొట్టేద్దామనే తెలివి మాత్రం వద్దు. క్లెయిము రోజున ముందు తవ్వేది అదే.

ఈ రెన్యువల్‌కు పాత బండికి ఓన్ డ్యామేజీ తీసేసి అగ్నిప్రమాదం, దొంగతనం వరకే ఉంచుతున్నాను. మిగిలిన డబ్బు సరుకు కవరు లిమిటు పెంచడానికి పోతుంది. తొట్టి గురించిన ఆ షరతును మా బండ్ల మెయింటెనెన్స్ రికార్డుతో ముడిపెట్టి రాయమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. కంపెనీని మాత్రం మార్చను. ఇంతకంటే తక్కువకు ఇస్తామనేవాళ్లు ఉన్నారు, కానీ వీళ్ల సర్వేయర్ మర్నాటికల్లా వస్తాడు, ఏజెంటు అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాడు.