డిఫరెన్షియల్ మోత, షోరూం మరమ్మతు: మా ఆరు టైర్ల లారీ గురించి

ఈ బండి ఇంజన్, మైలేజీ, క్యాబిన్ సంగతులు కొన్నవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నేను చెప్పదలచుకున్నది వెనుక డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని వెనుక చక్రాలకు పంచే గేర్ల అమరిక) గురించి, అంతకన్నా ఎక్కువగా షోరూం వర్క్‌షాపు దాన్ని బాగుచేసిన తీరు గురించి. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొన్న బండి ఇది. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి, మక్కలు తేవడమే దీని ప్రధానమైన పని. తిరుగు ప్రయాణంలో ఎరువుల బస్తాలు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఖాళీగా పోవలసిందే. నడిపేది నేనే.

మొదటి ఏడాది ఎవరు అడిగినా ఈ బండి వెనుక ఇరుసుకు తిరుగు లేదని చెప్పేవాణ్ని. బురద పట్టిన చేల బాటల నుంచి నిండు లోడుతో ఎక్కి వచ్చేది, ఎక్కడా తడబడేది కాదు. లాగే శక్తి విషయంలో ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను; మన్నిక విషయంలో మాత్రం అంత గట్టిగా చెప్పలేను.

వారంటీ ఇంకా మిగిలి ఉండగానే మోత మొదలైంది. లోడుతో 45 కిలోమీటర్ల వేగం దాటితే వెనుక నుంచి సన్నని కూత వచ్చేది. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది, వదిలితే తగ్గేది. షోరూంలో జాబ్ కార్డు రాసిన సర్వీస్ అడ్వైజర్ బండి ఎక్కకుండానే, "అన్నా, గది టైర్ల సౌండే, మార్పిస్తే వోతది" అన్నాడు. టైర్ల మోత రోడ్డును బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది గానీ కాలు తీసి పెట్టినంత మాత్రాన మారదని చెప్పినా వినిపించుకోలేదు. ముందు టైర్లు అటూ ఇటూ మార్చారు, తరువాత గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు సెంటర్ బేరింగ్ వేశారు. రెండింటికీ డబ్బులు నేనే కట్టాను. మోత ఎక్కడిదక్కడే ఉంది.

వరంగల్ ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీకి చూపించాను. ఆయన వెనుక చక్రాలను జాకీల మీద లేపించి, బండిని గేరులో తిప్పిస్తూ, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొనను డిఫరెన్షియల్ హౌసింగ్‌కు, అంటే దాని పై డొల్లకు, రెండో కొనను చెవికి ఆనించి విని, "ఇది పినియన్ బేరింగ్ మోత. ముందుగాల బ్రీదర్ జూడుండ్రి" అన్నాడు. పినియన్ అంటే షాఫ్ట్ వైపు ఉండే చిన్న గేరు; అది తిప్పే పెద్ద గేరు క్రౌన్. బ్రీదర్, అంటే హౌసింగ్ మీద ఉండే చిన్న గాలి గొట్టం, ఎర్రమట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. లోపలి ఆయిలు వేడెక్కినప్పుడు పెరిగే ఒత్తిడి ఆ గొట్టం గుండా పోవాలి. దారి లేకపోతే పినియన్ సీలును తోసుకుని ఆయిలు బయటికి కారుతుంది, మట్టం తగ్గే కొద్దీ బేరింగ్‌కు చాలినంత అందదు. డ్రెయిన్ ప్లగ్ విప్పితే దాని అయస్కాంతానికి ముళ్లపంది వెంట్రుకల్లా ఇనుప రజను నిక్కబొడుచుకుని ఉంది. హౌసింగ్ విప్పితే వారంటీ పోతుందని, ఆ ప్లగ్‌ను అలాగే గుడ్డలో చుట్టి షోరూంకు తీసుకుపొమ్మని ఆయనే చెప్పాడు. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ బ్రీదర్ శుభ్రం చేసినట్టు షోరూం కాగితాల మీద టిక్కులు ఉన్నాయి.

ఇక వాళ్లు విప్పక తప్పలేదు. పినియన్ బేరింగ్ రోలర్లు గుంటలు పడ్డాయి, క్రౌన్ పళ్ల మీద గీతలు పడ్డాయి. అప్పుడు ఓవర్‌లోడ్ అన్న మాట తెచ్చారు. ఎండు మిర్చి బస్తాలతో బాడీ నిండుతుందే తప్ప తూకం హద్దు దాటదన్న సంగతి మార్కెట్ యార్డులో ఎవరిని అడిగినా చెబుతారు. మక్కలు బరువే, కానీ వాటి కాంటా చీటీలు కూడా నా దగ్గర ఉన్నాయి. చీటీలన్నీ బల్ల మీద పెట్టాక క్రౌన్ పినియన్, బేరింగులు వారంటీలో ఇచ్చి, సీళ్లకు, ఆయిలుకు నాతో కట్టించుకున్నారు. సామాను వచ్చేసరికి మిర్చి సీజను నడుమ రెండు వారాలకు పైగా బండి నిలిచిపోయింది. కిస్తీ మాత్రం నిలవలేదు.

బండి చేతికి వచ్చాక తొక్కినప్పుడు మోత లేదు, కానీ కాలు తీసినప్పుడు కొత్త మోత మొదలైంది. నా అసలు కోపం ఇక్కడే. "కొత్త పళ్లు గదా అన్నా, నడువంగ నడువంగ సెట్ అయితది" అన్నారు. క్రౌన్, పినియన్‌లను కంపెనీలోనే జతగా నూరి, జత నంబరు కొట్టి పంపుతారు. బిగించినప్పుడు అమరిక తప్పితే నడిచే కొద్దీ అరుగుదల పెరుగుతుంది గానీ సర్దుకోదు. ఇదంతా కాగితం మీద రాసి, అమరిక కొలతలు ఇవ్వమని అడుగుతూ లేఖ ఇచ్చాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవారిని పక్కన పెట్టినా, స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొన్నవారిని వినియోగదారులుగానే చూస్తుందని, నేను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలనని కూడా అందులో రాశాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవలసిన అవసరం రాలేదు. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ నుంచి కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు.

ఆయన పని చూడటం ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన ఒకే ఒక్క సంతోషం. డయల్ గేజ్ బిగించి బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) కొలిచాడు, క్రౌన్ పళ్లలో కొన్నింటికి రంగు పూసి చేత్తో మెల్లగా తిప్పాడు. రంగు చెరిగిన మచ్చ పంటి నడుమ ఉండాలి. మాది పంటి కొనకు పాకి ఉంది. పినియన్ లోతు చాలలేదని చెప్పి, షిమ్ (లోతు సరిచేసే పలుచని రేకు) మార్చి, మళ్లీ రంగు పూసి చూపించాడు. మచ్చ నడుమకు వచ్చింది. ఈ పని మొదటిసారే చేసి ఉంటే నా సీజను పోయేది కాదు. అదే వర్క్‌షాపు గోడకు ఆ గేజ్ పెట్టె అప్పుడూ వేలాడుతూనే ఉంది మరి. కొలతల కాగితం మీద ఆయన చేత సంతకం చేయించుకుని, నింపిన ఆయిలు జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గేరు ఆయిలు రకం) అని, దాని గ్రేడు ఏదని బిల్లులో రాయించుకున్నాను. ఈ రకం పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, సాదా గేరు ఆయిలు వాటికి నిలవదు.

ఆ తరువాత మోత లేదు. వారంటీ దాటిన బండికి ఇదే పని పడితే ఖర్చు సామాన్యం కాదు, అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగడం కొంత ఊరట.

కొనమంటానా అంటే, హైదరాబాద్ రోడ్డు మీద నడిపేవారికి సందేహించకుండా చెప్పగలను. నాలాగా మట్టి బాటల్లో తిప్పేవారు మాత్రం బ్రీదర్‌ను షోరూం టిక్కులకు వదిలేయకుండా తామే తీసి ఊది చూసుకోగలమనుకుంటేనే కొనాలి. రెండు మూడు బండ్లు ఉన్నవారికి ఒకటి నిలిచినా గడుస్తుంది. నాకు ఉన్నది ఇదొక్కటే కనుక నా మాటలో కోపం పాలు కొంత ఎక్కువ ఉండవచ్చు. కిస్తీలు తీరాక మళ్లీ ఈ బండే తీసుకోవచ్చు గానీ, ఆ షోరూంలో మాత్రం కాదు.