పాదయాత్ర ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు బస ఎంత దూరమో తేల్చుకోండి

రోజుకి ఇరవై కిలోమీటర్లే నడక, చీకటి పడేలోపు బసకి చేరిపోతారు, వెనకాల వ్యాన్ వస్తుంది అని చెప్పి మా దగ్గర మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు. తీరా నడిస్తే ఆ ఇరవై మెయిన్ రోడ్డు మలుపు దాకానే, అక్కణ్ణుంచి బస ఇంకో తొమ్మిది కిలోమీటర్లు. వ్యాన్ మమ్మల్ని వదిలేసి ముందే వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తరు. పాదాలు బొబ్బలెక్కిన పెద్దవాళ్లు కూడా చీకట్లో లారీల పక్కనే నడవాల్సొచ్చింది.

బస దూరం తప్పు చెప్పడమంటే మనల్ని రాత్రిపూట రోడ్డు మీద వదిలేయడమే. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు దాటేస్తుంది. డ్రైవర్ మనల్ని చూసి బ్రేక్ తొక్కేసరికే అంత దూరం అయిపోతుంది, బండి ఆగడం ఆ తర్వాత సంగతి.

కిట్‌లో ఇచ్చిన జాకెట్లైతే దారుణం. మెరిసే ఫ్లోరోసెంట్ రంగు పగలే పనిచేస్తుంది, రాత్రి కనపడాలంటే హెడ్‌లైట్ వెలుగుని డ్రైవర్ వైపే తిప్పి పంపే రిఫ్లెక్టివ్ పట్టీ కావాలి. మాకిచ్చిన వాటి మీద ఉన్నది వట్టి బూడిద రంగు గుడ్డ. చీకటి గదిలో జాకెట్ తగిలించి, నాలుగడుగులు వెనక్కొచ్చి ఫ్లాష్‌తో ఫోటో తీయండి. అసలు పట్టీ అయితే ఫోటోలో తెల్లగా వెలిగిపోతుంది, మాది నల్లగా గోడలో కలిసిపోయింది.

బస సరేసరి. హాలుకి ఒక్కటే తలుపు, దానికి అడ్డంగా బ్యాగుల గుట్ట. ఆడవాళ్ల గదికి లోపల గడియ లేదు, తలుపుకి కుర్చీ ఆనించి వంతులవారీగా మేలుకున్నారు. అంత నడిచొచ్చాక నిద్ర కూడా లేకపోతే మర్నాడు రోడ్డు మీద ధ్యాస ఎలా ఉంటుంది చెప్పండి!

ప్రతి మజిలీకి బస అడ్రస్ అడిగి తీసుకుని, మ్యాప్‌లో నడక ఆప్షన్ పెట్టి దూరం మీరే చూసుకోండి. ఆ బసకి మీరే ఫోన్ చేసి, ఎంతమందికి బుక్ అయిందో, రాత్రి గేటు ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో కనుక్కోండి. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనపడే వైపు, ఒకరి వెనక ఒకరు నడవండి.

డబ్బు వాపసు అడిగితే యాత్ర పూర్తయింది కదా అంటున్నారు. దూరాలు రాసి పంపిన మెసేజ్‌లు మా దగ్గరున్నాయి, వాటితోనే ఫిర్యాదు వేస్తున్నాం. మీరు కూడా ఏ హామీ అయినా ఫోన్లో నోటిమాటగా కాదు, రాయించుకునే తీసుకోండి.