తాగుడు మానాలంటే విశాఖలో ఏది మేలు: ఆసుపత్రా, క్రైస్తవ పునరావాస కేంద్రమా, ఇల్లా?

"మా వాణ్ణి ఏ సెంటర్లో చేర్పించమంటారు?" అని అడిగే ముందు ఇంట్లోవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. పొద్దున లేవగానే అతని చేతులు వణుకుతున్నాయా? ఆ వణుకు తగ్గాలంటే కాస్త మందు పడాల్సిందేనా? అలాగైతే అతను మొదట వెళ్ళాల్సింది ఆసుపత్రికే. ఎంత మంచి ప్రార్థనా కేంద్రమైనా ఆ తర్వాతే.

ఎందుకంటే రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే 6 గంటల నుంచే చెమటలు, వాంతులు, వణుకు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. అసలు గండం రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య ఉంటుంది. జ్వరం, గుండె దడ, తానెక్కడున్నాడో తెలియని అయోమయం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే మనిషైతే మంచం మీద కూర్చుని లేని వలను బాగుచేస్తుంటాడు. వేళ్ళు నిజంగా ముడి వేస్తున్నట్టే ఆడతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. దయ్యం పట్టిందనుకుని ఆ రాత్రంతా విడుదల ప్రార్థనలో కూర్చోబెడితే ప్రాణమే పోవచ్చు. ముందు 108కి ఫోన్ చేయండి, అంబులెన్సులో కూర్చుని ప్రార్థించండి.

ఇంకో పొరపాటు, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. తిండి మానేసి ఏళ్ళ తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. గ్లూకోజ్ వెళితే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనబడుతుంది, నడక తూలుతుంది, జ్ఞాపకం పోతుంది. అందుకే వార్డులో థయామిన్ (అదే బి1) ఇంజెక్షన్ ముందు ఇచ్చి, గ్లూకోజ్ తర్వాత పెడతారు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మానసిక వైద్య విభాగం ఈ పనికి సరైన చోట్లు. వణుకునూ ఫిట్స్‌నూ అదుపుచేసే లిబ్రియం లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపుతారు.

ఆసుపత్రి చేయగలిగేది అక్కడికే. ఒళ్ళు తేరుకుంటుంది, తాగాలన్న కోరిక మాత్రం పోదు. జీతం పడిన సాయంత్రం గాజువాకలో పాత స్నేహితుల్ని తప్పించుకుని ఇంటికి ఎలా రావాలో పది రోజుల్లో ఎవరికీ అబ్బదు.

క్రైస్తవ కేంద్రం బలమంతా అక్కడే ఉంది. 1958లో న్యూయార్కులో డేవిడ్ విల్కర్‌సన్ అనే పాస్టరు మొదలుపెట్టిన టీన్ ఛాలెంజ్ పద్ధతిలో ఏడాది ఉంచుతారు, కొన్నిచోట్ల మూడు నుంచి ఆరు నెలలు. తెల్లవారుజామున ప్రార్థన, వాక్య పఠనం, తోటపనో వంటపనో, సాయంత్రం కూడిక, పెందలాడే నిద్ర. చేతిలో డబ్బు ఉండదు. పక్క మంచం మీద తనలాగే పడి లేచినవాడుంటాడు. ఇల్లు, పని, తాగుడు అన్నీ ఒకే గుంపుతో ముడిపడిన మనిషికి ఈ ఎడబాటు చాలా మేలు చేస్తుంది. బోటు మీద పనిచేసేవాళ్ళకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అంటే 61 రోజులు. వేట ఎలాగూ లేని ఈ రోజుల్లోనే చేరితే సంపాదన పోతుందన్న బెంగ తగ్గుతుంది. కాకపోతే జూన్ 15న అదే బోటు, అదే జట్టులోకి దిగితే రెండు నెలల శ్రమా నీళ్ళపాలవుతుంది. బోటు మారే మాట ముందే మాట్లాడుకోవాలి.

ఈ కేంద్రాల్లో తప్పులు జరిగే చోట్లు కూడా తెలుసుకోవాలి. "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు?" అని ఫిట్స్ మాత్రలో షుగర్ మాత్రలో ఆపించే చోట అసలు చేర్చవద్దు. నలభై రోజులు తాగకుండా ఉన్నవాణ్ణి స్టేజీ ఎక్కించి, తాను ఎలా మారాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పించడం ఇంకో పెద్ద తప్పు. చప్పట్లు కొట్టిన సంఘం ముందు ఒక్కసారి కాలు జారితే, సిగ్గుతో మళ్ళీ గుమ్మం తొక్కడు. సరిగ్గా అప్పుడే అతనికి ఆ సంఘం కావాలి. ఏడాదైనా నిండనివ్వండి. అన్యమతస్థుడైతే బాప్తిస్మం చేరికకు షరతు కాదని ముందే అడిగి తేల్చుకోండి.

వ్యాను పంపి ఎత్తుకుపోవడం, గొలుసు వేయడం నేరుగా చట్టవిరుద్ధం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే స్థితుల్నీ తన పరిధిలోకి తీసుకుంది, గొలుసులు నిషేధించింది. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు అనీ అడగండి. తడబడితే వెనక్కి వచ్చేయండి.

గంజాయి మాత్రమే అయితే ఆపినందుకు ఇలాంటి ప్రాణగండం సాధారణంగా ఉండదు కాబట్టి, డాక్టరుకు ఒకసారి చూపించి తిన్నగా కేంద్రంలో చేర్చవచ్చు. హెరాయిన్ లాంటివి ఇంజెక్షన్‌గా తీసుకున్నవాళ్ళ సంగతి వేరు. నెలల తరబడి మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది, బయటికొచ్చి పాత డోసే తీసుకుంటే చనిపోవచ్చు. ఈ మాట కేంద్రంలో ఉండగానే చెప్పాలి.

పొద్దున వణుకు లేనివాడు, ఉద్యోగం నిలిచినవాడు, భార్య మాట్లాడుతున్నవాడు ఇంటి నుంచే మానగలడు. ఓపీలో మందులు, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు వారానికి రెండు మూడు సరిపోవచ్చు. 1935లో మొదలైన ఈ సమూహంలో దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వాళ్ళు తలచుకోవచ్చు, సభ్యత్వ రుసుము లేదు. భార్యకు అల్-అనాన్ ఉంది, అది తాగేవాళ్ళ కుటుంబాలు కలుసుకునే సమూహం. మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ పొడిని చెప్పకుండా అన్నంలో కలపడం మాత్రం వద్దు. తెలియక తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు. డాక్టరు చెప్పి ఇచ్చినా, మాత్ర ఆపాక రెండు వారాల దాకా మద్యం పడకూడదు. దగ్గు సిరప్పుల్లోనూ మద్యం ఉందేమో చూసి తాగాలి. చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) సమయంలో వైన్ ఇచ్చే సంఘమైతే పాస్టరు గారికి చెప్పి ద్రాక్షరసం తీసుకోవాలి.

మా లెక్కలో వణుకున్నవాడికి పది రోజులు ఆసుపత్రి, తర్వాత మూడు నెలలకు తగ్గకుండా కేంద్రం, ఇంటికొచ్చాక మీటింగులు. డిశ్చార్జి శుక్రవారమో, జీతాల రోజో పెట్టుకోకండి. సోమవారం పొద్దున తీసుకురండి, ఏటీఎం కార్డు భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉంచండి, ఆ సాయంత్రమే ఒక మీటింగుకి తోడెళ్ళే మనిషిని మాట్లాడి ఉంచండి. రాత్రిపూట మనసు లాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు అతని ఫోనులో, మీ ఫోనులో ముందే ఎక్కించండి.