ఒకే రిమోట్‌లో కొండా, పొలమూ

మా అమ్మ గదిలోని టీవీ ఏళ్లుగా రెండు ఛానెళ్ల మధ్యనే తిరుగుతోంది. 2008లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రారంభించిన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెల్ బలమంతా ప్రత్యక్ష ప్రసారాలలో ఉంది: బ్రహ్మోత్సవాల గరుడసేవ రాత్రి, మాడవీధుల జనంలో నిలబడినవారికి లిప్తపాటు మాత్రమే కనిపించే మలయప్పస్వామి మకరకంఠి హారాన్ని కెమెరా దగ్గరగా, తీరిగ్గా చూపిస్తుంటే, మోకాళ్ల నొప్పులతో కొండకు వెళ్లలేని అమ్మ మంచం మీదే లేచి కూర్చుని చేతులు జోడిస్తుంది. 2014లో మొదలైన దూరదర్శన్ సప్తగిరికి అంత శోభ లేకపోయినా, కేకలు లేని వార్తలూ, సాగు విషయాలను రైతు మాటల్లోనే చెప్పే కార్యక్రమాలూ అక్కడ దొరుకుతాయి. పేరు చూసి అదీ భక్తి ఛానెలే అనుకునేవారున్నారు, కాదు. మా కేబుల్ ఆపరేటర్ దాన్ని జాబితాలో అట్టడుగున పెట్టడమే నాకు బాధ.