చేతి లీవరుతో కొబ్బరికాయ ఒలిచే స్టాండు: ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

పెరట్లో రెండు మూడు కొబ్బరిచెట్లున్న ఇంటికి ఈ స్టాండు నిజంగా అక్కరకొస్తుంది. నేలలో పాతిన గునపం మీద ఒలవడం చేతనైనవాళ్లు దీనికంటే వేగంగా ఒలుస్తారు, అందులో సందేహం లేదు. కానీ గునపం మీద చెయ్యి జారితే గాయం లోతుగా దిగుతుంది. ఇక్కడ భారమంతా లీవరు మోస్తుంది కాబట్టి కొత్తవాళ్లకూ భయం తక్కువ.

నిలువు కడ్డీ పైన రెండు ఉక్కు దవడలు మూసుకుని ఒకే మొనలా ఉంటాయి. ఒకటి కదలదు, రెండోది కీలు మీద తెరుచుకుంటుంది. కాయను ముచ్చిక దగ్గరగా మొన మీద గట్టిగా గుచ్చి లీవరు లాగితే డొక్క, అంటే పైనున్న పీచు తొక్క, చీలుతుంది. కాయ తిప్పుతూ మరో మూడు నాలుగు చోట్ల ఇలాగే చేయాలి. ముచ్చిక వైపు పీచు మందం ఎక్కువ కనుక మొన చిప్ప దాకా పోదు. నడిమధ్యన గుచ్చితే చిప్ప పగిలి నీళ్లు కారిపోవచ్చు. కన్నుల మీది పిలక మాత్రం పీకకండి, అది లేని కాయ త్వరగా పాడవుతుంది.

నాకు బాగా నచ్చిన సంగతి, డొక్క పెద్ద పెద్ద ముక్కలుగా ఊడిరావడం. చెట్టు మొదలుకు 2 మీటర్ల దూరంలో చుట్టూ అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం తీసి, డొక్కలను వాటి లోపలి గుంట భాగం పైకి ఉండేలా పేర్చి, వరుస వరుసకూ మట్టి కప్పితే తేమ నిలుస్తుంది, డొక్కలోని పొటాష్ తిరిగి చెట్టుకే అందుతుంది. ఫలితం 5 నుంచి 7 ఏళ్లు ఉంటుంది. ఇలా పేర్చడానికి ముక్కముక్కలైన పీచు కుదరదు. కందకం తవ్వలేకపోతే డొక్కలను బోర్లించి మొదలు చుట్టూ పరిచినా నేల త్వరగా ఆరదు.

బాగా ముదిరిన కాయలకే ఈ స్టాండు. లేతకాయ పీచు చిప్పను వదలదు, బలవంతపెడితే కీలు బోల్టు వంగుతుంది. విత్తనపు కాయను అసలు ఒలవకూడదు.

ఇబ్బందుల్లో మొదటిది అడుగు పలక. అది చిన్నదైతే లాగినప్పుడల్లా స్టాండు ముందుకు ఒరుగుతుంది. రెండు కాళ్లతో తొక్కి నిలబడేంత వెడల్పుండాలి, లేదా నేలకు బోల్టులు బిగించాలి. దవడలు స్ప్రింగుతో చటుక్కున మూసుకుంటాయి, లీవరు వదిలేటప్పుడు వేళ్లు దూరంగా ఉంచండి. పీచు కీలులో ఇరుక్కుంటే దవడలు పూర్తిగా మూసుకోవు, మొన మొద్దుబారినట్టవుతుంది. పని కాగానే దులిపి, కీలుకు నూనె చుక్క వేయాలి, లేకపోతే తుప్పు పడుతుంది. కీలు పిన్ను వెల్డింగ్ చేసిన రకం వద్దు. అరిగితే మార్చే వీల్లేదు. నట్టు బోల్టుతో బిగించినదే తీసుకోండి.