ఆరోగ్య సంజీవని: తొలి హెల్త్ పాలసీగా ఎంతవరకు పనికివస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో ఆరోగ్య బీమా అనగానే ఎక్కువమందికి మొదట గుర్తుకు వచ్చేది ఆరోగ్యశ్రీయే. 2007 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని తొలుత మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మనదీ ఒకటి కావడంతో, కార్డు చూపిస్తే వైద్యం జరుగుతుందన్న నమ్మకం ఇక్కడ బాగా పాతుకుపోయింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం పరిధిలోకి గాని, ఉద్యోగుల ఆరోగ్య పథకంలోకి గాని రాని కుటుంబాలు మాత్రం సొంత డబ్బుతో పాలసీ కొనుక్కోవలసిందే. అటువంటివారి కోసం బీమా నియంత్రణ సంస్థ రూపొందించగా 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ప్రామాణిక పాలసీ పేరు ఆరోగ్య సంజీవని. మా తల్లిదండ్రుల కోసం దీనిని తీసుకొని, ఏటా పునరుద్ధరించుకుంటూ, నాన్నగారి హెర్నియా ఆపరేషన్‌కు క్లెయిమ్ కూడా చేసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ పాలసీలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం, ఏ కంపెనీ వద్ద కొన్నా షరతులు ఒకేలా ఉండటం. కంపెనీల మధ్య తేడా ప్రీమియంలోను, సేవలోను, నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందమున్న) ఆసుపత్రుల జాబితాలోను మాత్రమే ఉంటుంది కనుక, కొనదలచినవారు ఆ మూడింటినీ పోల్చుకుంటే సరిపోతుంది. ఒకసారి ఈ పాలసీ పత్రాన్ని శ్రద్ధగా చదివితే వెయిటింగ్ పీరియడ్ (క్లెయిముకు ముందు ఆగవలసిన గడువు), కో-పే (క్లెయిములో మనం భరించవలసిన వాటా), సబ్ లిమిట్ (ఒక్కో ఖర్చుకు విడిగా ఉండే పరిమితి) వంటి మాటలన్నీ అర్థమై, తరువాత ఏ పెద్ద పాలసీని చూసినా ఏజెంటు చెప్పని సంగతులను మనమే అడగగలుగుతాము. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై 18 శాతం జీఎస్టీ తొలగిపోవడం కొనేవారికి కొంత ఊరట.

ఇక లోపాల సంగతి. వీటిలో ముఖ్యమైనది గది అద్దె పరిమితి. రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, ఎంత ఎక్కువైనా 5,000 రూపాయలు మాత్రమే ఇస్తారు. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10,000 రూపాయలు. రెండున్నర లక్షల పాలసీకే 5,000 రూపాయల పరిమితి వచ్చేస్తుంది కనుక, పది లక్షలకు తీసుకున్నా గది విషయంలో ఒక్క రూపాయి కూడా అదనంగా రాదు. శ్రీకాకుళం పట్టణంలో చికిత్స చేయించుకునేవారికి ఈ పరిమితి అంతగా అడ్డు కాకపోవచ్చు గాని, మనవాళ్లు కాస్త పెద్ద జబ్బు అనగానే విశాఖపట్నం వెళతారు, అక్కడి కార్పొరేట్ ఆసుపత్రులలో సింగిల్ రూము అద్దె ఈ హద్దును దాటే అవకాశం ఎక్కువ.

దాటితే అద్దెలో తేడా మాత్రమే కట్టుకుంటే చాలుననుకోవడం పొరపాటు. రెండు లక్షల పాలసీ ఉన్న వ్యక్తికి అర్హమైన గది అద్దె రోజుకు 4,000 రూపాయలు. ఆయన 8,000 రూపాయల గదిలో ఐదు రోజులు ఉన్నారనుకుందాం. అద్దె 40,000, డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులు కలిపి 60,000, మందులు 30,000, మొత్తం బిల్లు 1,30,000 రూపాయలు అయిందనుకుంటే, అర్హత సగమే కనుక అద్దెతో పాటు ఫీజులనూ సగానికి తగ్గిస్తారు. మందులకు ఈ కోత వర్తించదు. అలా లెక్కకు వచ్చేది 80,000 రూపాయలు. అందులోనూ 5 శాతం కో-పే కింద 4,000 తీసివేయగా కంపెనీ చెల్లించేది 76,000 మాత్రమే. మిగిలిన 54,000 రూపాయలు రోగి జేబులోంచి పోతాయి. గదిని బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రులలో ఈ దామాషా కోత ఉండదు కాబట్టి, చేరే ముందే బిల్లింగ్ కౌంటర్‌లో ఆ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది. మా నాన్నగారి విషయంలో మేము పరిమితికి లోబడిన గదినే తీసుకున్నాము కనుక కో-పే, గ్లౌజుల వంటి వైద్యేతర వస్తువుల ఖర్చు తప్ప మిగిలినదంతా, మేము ముందుగా డబ్బు కట్టనవసరం లేకుండా, క్యాష్‌లెస్‌గానే సర్దుబాటు అయింది.

ఆ ఆపరేషన్ పాలసీ మూడో ఏట జరగడం కూడా మాకు కలిసివచ్చింది. హెర్నియా, శుక్లాలు, పిత్తాశయంలో రాళ్లు, మొలలు వంటి కొన్నింటికి 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ప్రమాదాలను మినహాయిస్తే, మొదటి 30 రోజులలో వచ్చిన ఏ జబ్బుకూ చెల్లించరు. పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బులకు గతంలో 48 నెలల వరకు ఉన్న నిరీక్షణను 2024లో గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించారు.

ముందునుంచీ ఉన్న జబ్బు గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. మా అమ్మగారికి మధుమేహం ఉందని చెప్పగానే, మేము మొదట సంప్రదించిన ఏజెంటు "షుగరు సంగతి రాయకండి మాస్టారూ, రాస్తే లేనిపోని తలనొప్పి" అని సలహా ఇచ్చారు. ఆ సలహా పాటించినవారి క్లెయిమును, ఆసుపత్రి కేస్ షీట్‌లో "పదేళ్లుగా షుగర్" అన్న ఒక్క వాక్యం చూపి కంపెనీ తిరస్కరించగలదు. మేము వేరే శాఖా కార్యాలయానికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాము. అక్కడి ఉద్యోగి ప్రపోజల్ ఫారంలోని ఒక్కొక్క ప్రశ్ననూ అమ్మగారికి తెలుగులో చదివి వినిపించిన తరువాతే సంతకం పెట్టించారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలవారికి ఇది మరీ ముఖ్యం. రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నట్టు ఇదివరకే తేలి ఉంటే దానిని దాచవద్దు. జబ్బు బయటపడక ముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పాలసీ తీసుకోవడం ఆ ప్రాంతపు యువతకు చాలా అవసరం. పాలసీ ఎడతెగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును కాదనలేదన్న నిబంధన కూడా ఉంది. అయితే ఆ ఐదేళ్లూ ఆసుపత్రి ముఖం చూడకుండా గడుస్తాయని ఎవరు హామీ ఇవ్వగలరు?

తల్లిదండ్రులను, అత్తమామలను కూడా ఒకే ఫ్లోటర్ పాలసీలో చేర్చుకునే వీలు ఇందులో ఉంది. అయినా నేను దానిని సిఫారసు చేయను. సాధారణంగా అందరిలో పెద్దవారి వయస్సును బట్టే ప్రీమియం లెక్కిస్తారు, బీమా మొత్తం అందరికీ కలిపి ఒక్కటే కనుక ఒకరి చికిత్సకే అది అయిపోవచ్చు. పెద్దలకు విడిగా ఈ పాలసీ, దంపతులకు పిల్లలకు గది అద్దె పరిమితి, కో-పే లేని మరో పాలసీ తీసుకోవడం మేలు. ప్రసవ ఖర్చులు, ఓపీ ఖర్చులు ఇందులో రావు. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజుల, తరువాత 60 రోజుల సంబంధిత ఖర్చులు మాత్రం వస్తాయి. ఆ బిల్లులన్నీ డాక్టరు చీటీలతో సహా భద్రపరచాలి.

ఇది వైద్య ఖర్చులకే గాని, ప్రాణం పోయినా ప్రమాదంలో వైకల్యం కలిగినా పరిహారం ఇచ్చేది కాదు. సంపాదించే వ్యక్తికి, మరణిస్తే కుటుంబానికి డబ్బు ఇచ్చే టర్మ్ పాలసీ వేరుగా ఉండాలి. అంత స్తోమత లేనివారు బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా, 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా పథకాలలోనైనా చేరవచ్చు. మొదటిదానిలో చేరడానికి 50 ఏళ్లు, రెండోదానికి 70 ఏళ్లు వయోపరిమితి.

పాలసీ చేతికి వచ్చాక మొదటి 30 రోజులు ఫ్రీ లుక్ గడువు. దానితో వచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ను తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మనకుంది. మాకు అడిగితే తప్ప ఇవ్వలేదు. అందులోని షరతులు ఏజెంటు చెప్పినదానికి భిన్నంగా ఉంటే ఆ గడువులోనే పాలసీని వెనక్కి ఇచ్చి, స్వల్ప మినహాయింపులు పోగా ప్రీమియం తిరిగి పొందవచ్చు. క్లెయిమ్ దగ్గర వివాదం వస్తే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులో బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోపు ఆశ్రయించాలి. దానికి రుసుము గాని, వకీలు గాని అవసరం లేదు.