సిడ్ తెరవగానే ఏం కనిపించాలి?

గుంటూరులో పిల్లలకు చెస్ నేర్పిస్తుంటాను. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక ఇక్కడి నుంచే ఎదిగారు కాబట్టి మా ఊళ్లో ఈ ఆటంటే తల్లిదండ్రులకు నమ్మకం ఉంది. కానీ ఎంట్రీ ఫీజులు, రైలు చార్జీలు, ఊరు కాని ఊళ్లో లాడ్జి ఖర్చులు పెట్టుకుంటున్న వాళ్లను గేములు దాచుకుని వెతుక్కునే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా కొనమనడం నాకిష్టం లేదు. అందుకే అడిగిన ప్రతివాళ్లకూ సిడ్ వేసుకోమంటాను. షేన్ హడ్సన్ మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్ ఇది, పూర్తి పేరు షేన్స్ చెస్ ఇన్ఫర్మేషన్ డేటాబేస్. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పాత లాప్‌టాప్‌ను కూడా ఇబ్బంది పెట్టదు.

వేసుకుని అలాగే వదిలేస్తే మాత్రం దాని విలువ తెలియదు. రోజూ ఫైల్ వెతికి, ట్రీ విండో (ఉన్న స్థితి నుంచి బేస్‌లోని గేముల్లో ఏ ఎత్తులు ఎన్నిసార్లు వేశారో చూపేది) తెరిచి, అన్నీ సర్దుకునేసరికి పిల్లల ఉత్సాహం సగం చల్లారిపోతుంది. ఐకాన్ నొక్కగానే వాళ్ల బేస్ (అంటే గేములు దాచుకున్న డేటాబేస్), బోర్డు, పక్కనే ట్రీ సిద్ధంగా ఉండాలి. సిడ్‌లో ఇది సాధ్యమే, కాకపోతే కాస్త ఓపిక కావాలి.

ముందు బేస్ సంగతి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి ఉంటుంది. అందులో ప్రోగ్రామ్ పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, మీ బేస్ ఉన్న చోటు రాయండి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలుంటే కోట్స్ మధ్య పెట్టాలి. ఇక ఐకాన్ నొక్కితే నేరుగా ఆ బేసే తెరుచుకుంటుంది. తెల్లపావుల రెపర్టరీకి, అంటే ఆట మొదట్లో ఆడాలని నేర్చుకున్న ఎత్తులకు, ఒక ఐకాన్, నల్లపావులకు ఇంకోటి చేసి ఇస్తాను. పిల్లలు తికమక పడకుండా వాడుకుంటున్నారు.

విండోల అమరిక దగ్గర ఒక మెలిక ఉంది. లేఅవుట్ సేవ్ చేయడం వేరు, ఆప్షన్స్ సేవ్ చేయడం వేరు. అమరికను మొదటి లేఅవుట్‌గా సేవ్ చేసి, దాన్ని ఆటోమేటిగ్గా లోడ్ చేసే ఆప్షన్‌కు టిక్ పెట్టాలి. ఆ తర్వాత ఆప్షన్స్ మెనూలో సేవ్ ఆప్షన్స్ కూడా నొక్కాలి. లేదంటే బయటికెళ్లేటప్పుడు తనంతట తనే సేవ్ చేసుకునే ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ప్రోగ్రామ్ ఇంకొంచెం ఎదురుగా చెప్పి ఉండాల్సింది.

ఆ లేఅవుట్‌లో ఇంజిన్ (ఎత్తులను కంప్యూటరే లెక్కవేసి చెప్పే ప్రోగ్రామ్) విండో పెట్టొద్దు. దీని మీద నేను రాజీ పడను. తెరవగానే ప్లస్ 0.8 అని, అంటే తెల్లపావులది కాస్త పైచేయి అని, అంకె కనిపిస్తే పిల్లల కళ్లు బోర్డు మీద నిలవవు. ముందు సొంతంగా లెక్కవేయాలి, ఎత్తు కాగితం మీద రాయాలి. ఇంజిన్ ఆ తర్వాతే.

ఓపెనింగుల (ఆట ఆరంభపు ఎత్తుల వరసల) పేర్ల కోసం ఈసీఓ ఫైల్, ఆటగాళ్ల పేర్ల కోసం స్పెల్లింగ్ ఫైల్ లోడ్ చేసుకుని, మళ్లీ ఆప్షన్స్ సేవ్ చేయండి. స్పెల్లింగ్ ఫైల్ ఎందుకంటారా? హంపి గేములే తీసుకోండి. ఒక చోట కోనేరు హంపి, ఇంకో చోట హంపి కోనేరు, మరో చోట కోనేరు హెచ్ అని ఉంటాయి. ఒక పేరుతో వెతికితే మిగతావి కనపడకుండా పోతాయి. ఆ ఫైల్ ఉంటే మెయింటెనెన్స్ విండోలోంచి ఇలాంటి పేర్లు చాలావరకు ఒకే తీరుకు తేవచ్చు. మరీ పాత మెషీన్‌లో తెరవడానికి టైమ్ పడుతోందంటే, అదే టార్గెట్ గడిలో హైఫన్ పెట్టి ఫాస్ట్ అని ఇంగ్లీషులో రాస్తే ఈ ఫైళ్లు లోడ్ చేయకుండానే మొదలవుతుంది. రోజువారీ వాడకానికి నేను అది చెప్పను.

మెనూలు తెలుగులో లేవు, చూపులకు పాతకాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది. ఫోన్‌లోనే చదివే పిల్లలకు ఇది పనికిరాదు. సిడ్ సొంత ఫార్మాట్ బేస్ ఒక్కోటి మూడు ఫైళ్లుగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు మూడూ కాపీ చేయాలని తల్లిదండ్రులకు ముందే చెప్పండి.

పెద్ద గేముల సేకరణ కావాలంటే మార్క్ క్రౌథర్ 1994 నుంచి నడుపుతున్న ద వీక్ ఇన్ చెస్‌లో వారం వారం గేములు ఉచితంగా దొరుకుతాయి. వాటిని వేరే బేస్‌లోకి ఇంపోర్ట్ చేసుకోండి. షార్ట్‌కట్ మాత్రం ఎప్పుడూ పిల్లల సొంత బేస్‌కే ఉండనివ్వండి. పెద్ద బేస్ మీద ట్రీ లెక్కలు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, పైగా వాళ్లు మొదట చూడాల్సింది వాళ్లు నిన్న ఓడిన గేమునే.